లిండా ఫెర్న్‌డేల్ గొంతు

రోమ్, గార్బతెల్లా
9 సెప్టెంబరు 2003

ఒసేయ్ నివెస్,

బతికే ఉన్నావా? ఈస్టర్‌కి రాసిన ఉత్తరానికి ఇంతవరకూ జవాబు లేదు. ఫోన్ చేద్దామంటే ఎత్తవు. ఎప్పుడైనా ఎత్తినా ఆ బొంగురు గొంతుతో "ఉత్తరం రాయవే" అని పెట్టేస్తావు. సరే, రాస్తున్నాను. కూర్చుని చదువు, మంచి కబురు.

మన 'మఖమల్ మీద కందిరీగ' మళ్లీ లేచింది. నవ్వకు. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట రెండు వారాలు ఆడి డబ్బాలోకి పోయిన సినిమా అది. పసుపు అట్టల హత్య నవలల్లోంచి పేరు తెచ్చుకుని, హత్యలూ పట్టు దుప్పట్లూ కలిపి వండిన ఆ పసుపు సినిమాల్లో ఒకటి, అంతే కదా మనకి. ఇప్పుడు దాన్ని పాతికేళ్ల పిల్లలు నెత్తిన పెట్టుకుంటున్నారు. మొన్న ఇద్దరు మా ఇంటికొచ్చారు. గోడ కాగితం మీద పువ్వులు ఏ రంగు, ఎర్ర టెలిఫోను ఎన్నిసార్లు మోగింది, మెలికల మెట్ల మీద ఎవరు ముందు దిగారు, అన్నీ కంఠతా. ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుని "మీరేనా లిండా ఫెర్న్‌డేల్ గొంతు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. గోరిజియాలో పుట్టిన నీకు ఆ ఇంగ్లీషు పేరు తగిలించినప్పుడు మనిద్దరి అద్దె గదిలో పడీపడీ నవ్వుకున్నాం, గుర్తుందా?

నవంబరు 22న టురిన్ చిత్రోత్సవంలో దాన్ని శుభ్రం చేసి వేస్తున్నారు. గ్రీసులో ఒక గోదాములో, పరాయి దేశాలకి పంపిన ప్రతి దొరికిందట. మన సెన్సారు వాళ్లు కత్తిరించిన రెండు నిమిషాలూ అందులో ఉన్నాయి. ఏ రెండు నిమిషాలో నీకు చెప్పక్కర్లేదు. పడకగది, తోలు తొడుగుల చేతులు, నీ మెడ. బొమ్మ ఉంది కానీ, అప్పుడు నేను చెప్పినదాంట్లో కత్తెర తప్పించుకున్న ఒక్క మాట తప్ప, మన భాషలో మాటలేవీ మిగల్లేదు. అందుకని మళ్లీ నన్నే డబ్బింగ్ చెప్పమన్నారు. అరవై దగ్గర పడ్డదాన్ని, పాతికేళ్ల పిల్లలా మూలగాలి. ఏం కర్మమో చూడు.

అసలు కబురు ఇది. ఆ రోజు ఫుల్వియోకి సన్మానం. ఆ సినిమా తీసినవాళ్లలో మిగిలింది మా ఆయనొక్కడే. అప్పుడు సహాయ దర్శకుడు, ఇప్పుడు ఈ పిల్లలందరికీ గురువు. జ్ఞాపిక నీ చేతులమీదుగా ఇప్పించాలని వాళ్ల కోరిక, ఆయన కోరిక, అందరికన్నా ఎక్కువగా నా కోరిక. రైలూ గదీ వాళ్లే చూసుకుంటారు. నువ్వు మాట్లాడక్కర్లేదు, నవ్వితే చాలు.

ఉత్సవం వాళ్లు వేయించిన బనీను ఒకటి పంపుతున్నాను. దానిమీద అచ్చేసిన మాట మనదే: "ఇంకొంచెం గట్టిగా". నీ పెదాలు, నా గొంతు. పిల్లలు వేసుకుని వీధుల్లో తిరుగుతున్నారు.

నీ ఎర్సీలియా


గోరిజియా
20 సెప్టెంబరు

ఎర్సీ,

బతికే ఉన్నాను. గుండీలూ దారాలూ అమ్ముకుంటున్నాను. స్కూళ్లు తెరిచారు, పిల్లలు బడికి వేసుకునే ఏప్రన్లకి తెల్ల గుండీలు కావాలని తల్లులు బారులు తీరారు. దుకాణం వదిలి కదలడం కుదరదు. మోకాలు కూడా బాగాలేదు.

నీకు మళ్లీ పని దొరికినందుకు సంతోషం. ఫుల్వియోకి అభినందనలు చెప్పు.

బనీను తిప్పి పంపుతున్నాను. సైజు చాలదు.

నివెస్


రోమ్
29 సెప్టెంబరు

నివెస్,

సైజు చాలదట. అన్నిటికన్నా పెద్దది ఏరి పంపాను తల్లీ, ఇద్దరం దూరినా ఇంకా చోటు మిగులుతుంది. అబద్ధమాడితే అతికినట్టుండాలి. నీకు అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాలేదు.

నీ ఉత్తరం ఫుల్వియోకి చూపించాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, "రమ్మని బతిమాలకు" అన్నాడు. చిన్నబుచ్చుకున్నాడే. నాకే తల కొట్టేసినట్టయింది. నిన్ను ఎక్కడా తక్కువ చెయ్యడు ఆయన. పిల్లలు వచ్చి "ఆ దృశ్యంలో ఆవిడ చూపులో భయం ఎలా రప్పించారు?" అని అడిగితే, ప్రతిసారీ ఒకటే జవాబు. "అది నటన కాదు. అలాంటి చూపు నటిస్తే రాదు" అంటాడు. వాళ్లు చప్పట్లు కొడతారు. నీకు అంతకన్నా మెచ్చుకోలు ఏముంటుంది?

ఒక మాట అడుగుతాను, మనసులో పెట్టుకోకు. నీకూ ఆయనకీ ఎప్పుడైనా మాటా మాటా వచ్చిందా? రోమ్ వస్తే హోటల్లో దిగుతావు. ఆయన ఊళ్లో లేనప్పుడే మా గడప తొక్కుతావు. మా పెళ్లికి సాక్షిగా సంతకం పెట్టినదానివి. జూన్ ఎండలో మెడకి ఆ నీలం రుమాలు చుట్టుకుని చెమటలు కక్కుతూ నా పక్కన నిలబడ్డావు. ఏం జరిగిందే తర్వాత?

డబ్బింగ్ నవంబరు 6న. కొత్త మాటలు ఆయనే రాస్తున్నాడు.

ఎర్సీలియా


గోరిజియా
10 అక్టోబరు

ఎర్సీ,

నీ ప్రశ్నకి జవాబు రాద్దామని కూర్చున్నాను, ఇంతలో వేరే ఉత్తరం వచ్చింది. ముందు దాని సంగతి చెప్తాను.

రాసినావిడ పేరు తెక్లా. సవోనాలో గ్రంథాలయంలో పని. నలభై దాటాయట. పుట్టు చెవిటి. ఆ పసుపు సినిమాలంటే పిచ్చి, ఏ దేశం క్యాసెట్ దొరికినా కొంటుంది. చెవులు లేనిదానికి సినిమాలేమిటనుకుంటావేమో, ఆవిడ మాటే రాస్తున్నాను: "ఈ కథల్లో అందరూ కళ్లతోనే బతుకుతారు. తలుపు సందులోంచి ఎవరో ఏదో చూస్తారు. చూసింది ఒకటి, అనుకున్నది ఒకటి. చివర్లో తెలుస్తుంది. నా బతుకూ అంతే, అందుకే నాకిష్టం."

ఒక్కటే ఆవిడకి చిరాకట. మన సినిమాల్లో పెదాలు ఒకటంటాయి, కింద అక్షరాలు ఇంకొకటంటాయి. తర్వాత ఎలాగూ వేరే గొంతు పెడతారని సెట్లో నటులు అంకెలు లెక్కపెడుతూ కూడా పెదాలాడించేవాళ్లని ఆవిడకీ తెలుసు. తెలిసి నవ్వుకుంటుంది. కానీ కందిరీగ గ్రీసు క్యాసెట్ చూసినప్పుడు నవ్వు రాలేదంది. పడకగది దృశ్యంలో నా మొహం తెరనిండా ఉంటుంది, నోరు స్పష్టంగా కనిపిస్తుంది, నేనక్కడ అంకెలు చెప్పటం లేదు. "మీరన్నది నాకు అర్థమయింది. రెండో పేజీలో రాశాను. చదవాలనిపించకపోతే ఆ పేజీ చింపేయండి" అని రాసింది.

చదివాను. ఏం రాసిందో నీకు చెప్పను.

ఆవిడ టురిన్ వస్తుంది. మొదటి వరసలో టికెట్టు కొనుక్కుంది. సినిమా అయ్యాక ప్రేక్షకులు ప్రశ్నలు అడగొచ్చట కదా. నేను సరేనంటే, కాగితం మీద రాసి వేదిక మీదకి పంపుతానంటోంది. జవాబివ్వలేదు ఇంకా.

ఇక్కడ గాలి మొదలయింది. తలుపులు కొట్టుకుంటున్నాయి.

నివెస్


రోమ్
15 అక్టోబరు

నివెస్,

ఆ మనిషికి జవాబు రాయకు. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇలాంటివాళ్లు నాకూ తగిలారు. పాత సినిమా మీద పడి లేనిపోనివి తవ్వుకునే జనం. గోడ మీద నీడ కనిపిస్తే హంతకుడంటారు. పెదాలు చూసి పేరు చెప్పగలనంటే నమ్మేస్తామా? ఎవరో చెవిటావిడ ఒక పేరు రాసి పంపితే, ముప్ఫయ్యేళ్ల మా కాపురం మీదికి తెచ్చుకోవాలా? ఫుల్వియోకి రక్తపోటు. ఈ సన్మానం తప్ప ఆయనకి ఇంకేం మిగిలింది చెప్పు. ఆయన సొంతంగా తీసినవి ఎవరికీ గుర్తు లేవు.

నువ్వు రానక్కర్లేదు. నేనింక బలవంతపెట్టను. ఆ ఉత్తరం మాత్రం చింపేసి పొయ్యిలో పడెయ్.

ఎర్సీలియా


గోరిజియా
20 అక్టోబరు

ఎర్సీలియా,

నేను రాసిన ఉత్తరం నకలు నా దగ్గర లేదు. అందుకని బాగా గుర్తుచేసుకున్నాను, ఒక రోజంతా. తెక్లా నా మాటలు చదివిందని రాశాను. పేరు అని ఎక్కడా రాయలేదు.

అందులో పేరుందని నీకెలా తెలుసు?

ఎప్పటినుంచి తెలుసు?

నివెస్


రోమ్
27 అక్టోబరు

నివెస్,

నాలుగు కాగితాలు చింపాను. ఇది అయిదోది. ఎలా వస్తే అలా పంపేస్తాను.

మొదటినుంచీ తెలుసు. పెళ్లికి ముందునుంచీ తెలుసు.

ఆ సినిమాకి నీ గొంతు నువ్వే చెప్పుకోవాలని ఒప్పందం. మొట్టమొదటిసారి. గదిలో అద్దం ముందు నిలబడి రోజూ సాధన చేసేదానివి, నీ ఉత్తరాది యాస పోవాలని నేను దిద్దేదాన్ని. మే చివర్లో ఉన్నట్టుండి నీకు గొంతు పడిపోయింది. సెట్లో చన్నీళ్లు పోశారు, జలుబు చేసిందని ఫుల్వియో చెప్పాడు. నువ్వు పలక మీద రాసి నాకు చూపించావు, అవును జలుబే అని. నీ బదులు నన్ను పిలిచారు. అదే నాకు మొదటి పెద్ద పని. నిజం చెప్పాలంటే ఎగిరి గంతేశాను.

మా పని ఎలా ఉంటుందో నీకు తెలుసు. సినిమాని చిన్న చిన్న ముక్కలు చేసి గుండ్రంగా అతికిస్తారు. ఒక్కో ముక్క తిరుగుతూనే ఉంటుంది, మాట పెదాలకి కుదిరేదాకా. సెట్లో పట్టిన గరుకు శబ్దం మన చెవుల్లో పెడతారు, తాళం కోసం. తర్వాత దాన్ని పారేస్తారు. అది వినేది మేం మాత్రమే, నివెస్. చెప్పేవాళ్లూ, రికార్డు చేసేవాడూ. ఆ రోజు రికార్డు చేసేవాడు క్రీడా వార్తలు చదువుకుంటున్నాడు.

నా చెవుల్లో నువ్వున్నావు. "ఫుల్వియో, ఊపిరాడటం లేదు." మళ్లీ "ఫుల్వియో". తర్వాత "అమ్మా". ఆ తర్వాత మాట లేదు, వేరే చప్పుడు. ముక్క తిరిగి మొదటికొచ్చింది. "ఫుల్వియో, ఊపిరాడటం లేదు."

తొడుగుల చేతులు ఎవరివో అప్పటిదాకా నాకు తెలీదు. హంతకుడి చేతులు ఆ రోజు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లవే కదా, మొహం కనిపించదు కాబట్టి. ఎవరివని ఆయన్ని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నా ముందు కాగితం ఉంది. దానిమీద "ఇంకొంచెం గట్టిగా" అని ఉంది. చదివాను. కుదరలేదన్నారు, మళ్లీ చదివాను. ఎన్నిసార్లో లెక్కలేదు. నువ్వు ఊపిరి కోసం కొట్టుకుంటుంటే దానిమీద నేను మూలిగాను. చివరికి భేష్ అన్నారు. ఇంటికెళ్లి పెళ్లి గౌను అంచు కుట్టుకున్నాను.

నీకు జలుబు కాదని తెలిసే నీకు తేనె కలిపి ఇచ్చాను. నువ్వు నోరు మెదపలేదు కాబట్టి నేనూ మెదపలేదు. నువ్వు మర్చిపోయావనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉండేది.

ఎర్సీలియా


గోరిజియా
31 అక్టోబరు

ఎర్సీలియా,

నీ ఉత్తరం వచ్చి రెండు రోజులయింది. దుకాణం మూసే ఉంచాను. ఒళ్లు మండిపోతోంది, అయినా నిదానంగా రాస్తాను.

ముందు నీకు తెలియనిది చెప్తాను. మేం ఒక గుర్తు పెట్టుకున్నాం. బిగువు ఎక్కువైతే నేను అతని చేతి మీద రెండుసార్లు తట్టాలి, అతను వదిలేయాలి. గుర్తు పెట్టింది అతనే. నేను రెండుసార్లు తట్టాను. నాలుగుసార్లు తట్టాను. తర్వాత లెక్క తప్పింది. కెమెరా తిరుగుతూనే ఉంది. దర్శకుడు ఆపమనలేదు, అతను ఆపలేదు. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. ఎవరో నీళ్లు చల్లుతున్నారు. ఫుల్వియో నా పక్కన గొంతుక్కూర్చుని నవ్వుతున్నాడు. "బంగారం నువ్వు. ఆ చూపు చూడాలి, బంగారం" అన్నాడు. వాడికి నామీద పగ లేదు, కోరిక లేదు. షాట్ బాగా వచ్చిందని మురిసిపోతున్నాడు, అంతే. అదే నాకు ఇన్నేళ్లూ మింగుడుపడలేదు.

ఆ తట్టడం తెరమీద ఉందట, తెక్లా రాసింది. ఆ సినిమా పిచ్చి పిల్లలు దాన్ని నిమరడం అనుకుంటున్నారట. దానిమీద వ్యాసాలు కూడా రాశారట.

నలభై రోజులు మాట రాలేదు. వచ్చాక ఇదిగో, ఈ గొంతు వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. ఎందుకో తెలుసా? గదిలో తలుపు వెనక నీ పెళ్లి గౌను వేలాడుతోంది. అది చూసి పలక మీద జలుబు అని రాశాను. నీ కోసమే రాశానే. నీ కాపురం నా మూలంగా చెడకూడదని, మెడ మీద మచ్చలకి రుమాలు చుట్టుకుని వచ్చి నీ పెళ్లికి సంతకం పెట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్లు నిన్ను కాపాడుతున్నానని అనుకున్నాను. నువ్వేమో తెలిసే తెల్ల గౌను వేసుకుని నా పక్కన నిలబడ్డావు.

ఇంకొకటి. 'ఇంకొంచెం గట్టిగా' అని నువ్వు చెప్పిన మాట మీ డబ్బింగ్ థియేటర్లోనే ఉండిపోలేదు. క్యాసెట్లు వచ్చాక ఈ ఊరికీ చేరింది. మందుల షాపు గుమాస్తా నా దగ్గర బెల్టు కొంటూ, బిగించి చూసుకుంటూ, ఆ మాట అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. మా అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. నేను బతిమాలాననీ, నాకే కావాలనీ ఊరంతా నమ్మింది, చెవులతో విన్నారు కాబట్టి. నేను అనని మాట. నీ గొంతు. దాన్ని అచ్చేసిన బనీను నాకు పంపావు.

ఆరో తారీఖున నువ్వు మళ్లీ ఆ గదిలో నిలబడతావు. ముందు కాగితం ఉంటుంది. ఏం రాసుంటుందో ఊహించగలను. చెయ్యమనీ అడగను, మానమనీ అడగను. నేను టురిన్ రాను, తెక్లాకి వద్దని రాసేస్తున్నాను. ముప్ఫయ్యేళ్లు లేవని నోరు ఇప్పుడు ఒక చెవిటావిడ కాగితంతో లేస్తే నాకేం ఒరుగుతుంది? నవ్వి ఊరుకుంటారు.

ఒక్కటే గుర్తుంచుకో. అప్పుడు నీకు ఇరవై ఏడేళ్లు, పెళ్లి దగ్గరపడింది, భయపడ్డావు అనుకుంటాను. ఈసారి అలా అనుకోను.

నివెస్


చివితావెక్కియా
8 నవంబరు

నివెస్,

పైన ఊరు పేరు చూశావు కదా. అక్క ఇంట్లో ఉన్నాను. ఒక పెట్టె తెచ్చుకున్నాను. మిగతా సామాను సంగతి తర్వాత.

ఆరో తారీఖు సంగతి చెప్తాను. వరసగా చెప్తాను, లేకపోతే చెప్పలేను.

పొద్దున పదింటికి వెళ్లాం. ఉత్సవం తరఫున గిబావుదో అనే ఆవిడ వచ్చింది. సినిమాని శుభ్రం చేయించింది ఆవిడే. రికార్డు చేసేవాడు గాస్పరె, పెద్దవాడే, మన కాలం మనిషి. ఫుల్వియో అద్దం అవతల వాళ్లతో కూర్చున్నాడు, కొత్త కోటు వేసుకుని. నా ముందు కాగితం. "ప్రియా, ఇంకొంచెం గట్టిగా. వదలకు." ఆయన దస్తూరీ.

దీపం వెలిగింది. బొమ్మ వచ్చింది. నివెస్, నేను నీ మొహం ఎప్పుడూ పూర్తిగా చూడలేదే. అప్పుడు చిన్న తెర, మసక బొమ్మ, నేను కాగితం వంక చూస్తూ గడిపేశాను. ఇప్పుడు గోడంత మొహం. కంట్లో నరాలు కూడా కనిపిస్తున్నాయి. తట్టడం చూశాను. లెక్కపెట్టాను. తొమ్మిది.

మొదటిసారి కాగితం మీద ఉన్నదే చదివాను. దాచను నీ దగ్గర. నోరు అలవాటుకొద్దీ చదివేసింది. గాస్పరె ఆపి, "సిన్యోరా, కుదరలేదు. పెదాలు మూసుకున్నచోట మీ మాట తెరుచుకుంటోంది. పై పళ్లు కింది పెదవికి రెండుసార్లు తగులుతున్నాయి, మీ మాటలో అలాంటిది లేదు" అన్నాడు. ఫుల్వియో అవతలి మైకు మీట నొక్కి, "పర్లేదు, మూలుగు ఎక్కువ పెట్టు, తెలీదు" అన్నాడు. ఆ రోజుల్లో అన్న మాటే. అదే గొంతు.

ఇంకోసారి వెయ్యమన్నాను. కాగితం బోర్లా తిప్పాను.

చెవుల్లో ఏమీ లేదు ఈసారి, సెట్ శబ్దం ఎప్పుడో పారేశారు. అయినా నాకు అక్కర్లేకపోయింది. ఒక్కో ఊపిరీ ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు. "ఫుల్వియో, ఊపిరాడటం లేదు. ఫుల్వియో. అమ్మా." తర్వాత ఆ చప్పుడు. అది కూడా చేశాను. నీ యాసలోనే చెప్పాను, నేను దిద్ది పోగొట్టిన యాసలో.

ముక్క అయిపోయింది. దీపం ఆరింది. ఫుల్వియో మీట నొక్కి, "ఎర్సీ, ఏం చేస్తున్నావు?" అన్నాడు.

"పెదాలకి తగ్గట్టు చెప్తున్నాను" అన్నాను.

"వెక్కిరిస్తోంది. మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ" అని వాళ్లతో నవ్వాడు. గాస్పరె నవ్వలేదు. వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు, నా గొంతుతో కలిపి. అంతా విన్నాం, చూశాం. చివర గాస్పరె, "నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇంతకన్నా కుదిరింది నేను చూడలేదు" అన్నాడు. గిబావుదో ఫుల్వియో వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది: "కథలో ఆ పేరుగల పాత్ర ఉందా?"

ఆయన కోటు గుండీలు పెట్టుకున్నాడు.

నేను బయటికొచ్చి నాకు తెలిసిందంతా ఆవిడకి చెప్పాను, రాసి సంతకం పెట్టాను. నువ్వు నాకు చెప్పినవి మాత్రం రాయలేదు. అవి నీవి. కారులో ఫుల్వియో ఒక్క మాట అన్నాడు: "ఇద్దరూ బతికే ఉన్నారు కదా, ఇప్పుడెందుకు?" ఆయన నిజంగానే అడిగాడు నివెస్. ఆయనకి తెలీదు. అది చూశాక ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నాను.

ఆ రెండో ముక్క వెయ్యాలా వద్దా అన్నది నిన్ను అడిగి చేస్తానని గిబావుదో అంది. నీకు రాస్తుంది. వద్దంటే చెరిపేస్తారు. నాకు జవాబు రాయకపోయినా సరే.

ఎర్సీలియా


టురిన్
23 నవంబరు

ఎర్సీ,

వెయ్యమని రాశాను. వచ్చాను కూడా. స్టేషన్ పక్క కాఫీ హోటల్లో కూర్చుని రాస్తున్నాను, గోరిజియా రైలుకి ఇంకా టైముంది.

ఫుల్వియో రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాడట. జ్ఞాపిక సంగతి ఎవరూ ఎత్తలేదు.

హాలు కిక్కిరిసిపోయింది. సగంమంది ఆ బనీన్లలో ఉన్నారు. తెక్లా నా పక్కన కూర్చుంది, గట్టి మనిషి, పెద్ద చేతులు. సినిమా మొదలయ్యాక పిల్లలు ఒక్కో మాటా తెర కన్నా ముందే చెప్పేస్తున్నారు, నవ్వుతున్నారు, ఎర్ర టెలిఫోను మోగితే చప్పట్లు. నాకూ నవ్వొచ్చిందే, ఏం దాచను. ఆ పచ్చ గౌన్లో నేను బాగున్నాను.

పడకగది వచ్చింది. తొడుగులు కనిపించగానే హాలంతా ఊపిరి బిగబట్టి, ఆ మాట అనడానికి సిద్ధపడ్డారు. కొందరు అనేశారు కూడా. తెరమీద వేరే మాట వచ్చింది. అన్నవాళ్ల గొంతులు మధ్యలో ఆగిపోయాయి. మా వరస చివర ఒకమ్మాయి కోటు తీసి, బనీను మీద వేసుకుని గుండీలు పెట్టుకుంది. తెక్లా తెరవంక చూడలేదు, నా వంకే చూసింది.

దీపాలు వేశాక గిబావుదో నన్ను పిలిచింది. వెళ్లనని ముందే చెప్పాను. కాళ్లు లేచాయి. తొమ్మిదిసార్లు తట్టడం గురించి చెప్పాను, గుర్తు గురించి చెప్పాను. అందరికీ వినపడాలని మైకు దగ్గరగా పెట్టారు. ఈ బొంగురు గొంతు అంతమంది ముందు విప్పడం ముప్ఫై ఒక్క ఏళ్లలో ఇదే మొదటిసారి.

నిన్ను క్షమించానా అని అడక్కు. నాకు తెలీదు. ఈ ఉత్తరం అక్క ఇంటికే పంపుతున్నాను, అది తెలుసు. వచ్చే నెల దుకాణం సర్దాలి, చిల్లర గుండీలు రంగులవారీగా వేరు చెయ్యాలి. ఒక్కదానివల్ల కాదు. రావాలనిపిస్తే రా.

చివర్లో ఒక కుర్రాడు లేచి నిలబడి అడిగాడు. పాత సినిమాలో గొంతు ఎర్సీలియాది అని అందరికీ తెలుసు, ఈ రెండు నిమిషాల్లో వినపడిన గొంతు ఎవరిదని.

నాదే అన్నాను.

నివెస్